జమాల్ సాయిబు జామీను

జుమ్మా నమాజు అయి జమాల్ సాయిబు షెడ్డుకి తిరిగి రావడానికి గంట పడుతుందని చెప్పి, ఆయన భార్య కుల్సుం ఒక స్టూలు చూపించి లోపలికి వెళ్ళిపోయింది. సుందరరావు కూర్చున్నాడు. మంచిదే, గంటసేపు ఆలోచించుకోవచ్చు అనుకున్నాడు, మాచర్ల నుంచి రైల్లో వచ్చినంతసేపూ చేసింది ఆ పనే అయినా. మామా, విమానం ఉద్యోగం వదిలేశాను. బాండు ప్రకారం ఇంకా రెండేళ్ళు చెయ్యాలి, చెయ్యను. నువ్వు నాకు జామీనుగా రాసిచ్చిన ఈ షెడ్డు మీదికి కంపెనీ నోటీసు వస్తుంది. మూడు మాటలు. మూడూ నున్నగా గులకరాళ్ళ మాదిరి నాలుక కింద తిరుగుతున్నాయి. నాలుగోది ఒకటుంది, అది మాత్రం గొంతు దాటి రాదు. ఎందుకు వదిలేశావురా అని ఆయన అడుగుతాడు. అడగకుండా ఎట్లా ఉంటాడు, పోయేది ఆయన షెడ్డాయె. ఒంట్లో బాగుండటం లేదు మామా అందామా? మనిషి దుక్కలా ఉన్నాడు. పై ఆఫీసరుతో పడలేదు అందామా? పడకపోతే సర్దుకుపోవాలి గాని ఇంకొకడి గూడు తగలబెడతారా అంటాడు, ఆ మాటా నిజమే.

బల్ల మీద ఎవరిదో ఆయిలింజను విప్పి ఉంది. పిస్టన్లు ఒక పక్క, వాల్వులు ఒక పక్క, బోల్టులన్నీ కిరసనాయిలు పోసిన తట్టలో. వేరే రోజైతే చేతులు వాటంతట అవే అటు పోయేవి. ఇవాళ మోకాళ్ళ మీద ఉన్నాయి, ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టు. వాసన చూశాడు. వెల్లుల్లి. ఆదివారం నుంచి సబ్బుతో కడిగాడు, చింతపండుతో తోమాడు, ఇసకతో రుద్దాడు. నిజానికి వాసన చేతులకి లేదని అతనికీ తెలుసు, ముక్కు వెనక ఎక్కడో ఉంది, అక్కడికి సబ్బు అందదు. రైల్లో పక్కనావిడ మూట విప్పి పిల్లలకి వెల్లుల్లి కారం అన్నం కలుపుతుంటే లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. పెట్టెనిండా పండగ జనమే. రేపు క్రిస్మస్సు. ఒక పెద్దాయన వెదురు బద్దల నక్షత్రానికి రంగు కాగితాలు అంటించుకుని, అది నలగకుండా తలమీద ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎందాక బాబూ అన్నాడు. నరసరావుపేట. పండక్కా? అవును. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని సుందరరావుకి అంతకు ముందు తెలియదు. అతను పండక్కి పోవలసిన పాలెం నరసరావుపేట దాటాక రొంపిచర్ల దారిలో ఉంది. చెల్లెలు రత్నకుమారి ఉండేది అక్కడే. అక్కడికి మాత్రం పోడు, పోలేడు, ఇక్కడిదాకా వచ్చి ఈ స్టూలు మీద కూర్చున్నాడు.

ఈ షెడ్డులోనే గదా అంతా మొదలైంది. తండ్రి యేసుపాదం మిషను బడి పంతులు, పోయేనాటికి ఒక గొడుగూ బైబిలూ బోలెడంత మంచి పేరూ మిగిల్చిపోయాడు. మంచి పేరు చూపిస్తే కొట్టువాడు బియ్యం కొలవడు గనక, చదువు కాగానే సుందరరావు జమాల్ సాయిబు దగ్గర పనికి చేరాడు. ఇక్కణ్ణించి మద్రాసు. చేల మీద విమానంతో పురుగుమందు చల్లే కంపెనీలో మెకానిక్కు. ఆ విమానాలు తోలడానికి పెద్దింటి పిల్లలెవరూ రారు, కరెంటు తీగల కింద నుంచి, తాడి తలలు తాకేటట్టు పోవాలి, తెల్ల చొక్కా నిలవదు. అందుకని కంపెనీవాళ్ళే, నీకు నేర్పిస్తాం, అయిదేళ్ళు మాకే పనిచెయ్యి, మధ్యలో మానేస్తే నేర్పిన ఖర్చంతా కక్కాలి, ఆస్తిపాస్తులున్నవాడెవడైనా పూచీ ఉండాలి అన్నారు. పాలెంలో ఆస్తిపాస్తులంటే కోళ్ళూ మేకలూ. జమాల్ సాయిబు బుష్‌కోటు వేసుకుని వకీలు దగ్గరికి వచ్చాడు. ఏం సాయిబూ, పరాయి బిడ్డకి నీ షెడ్డు రాసిస్తున్నావు, నమ్మకమేనా అని వకీలు గుమాస్తా నవ్వితే, "ఈడు ఇప్పిన ఇంజను బిగించందే అన్నం తినడండీ, అట్టాంటోడు పని నడిమధ్యలో వదిలేసి పోతాడా" అని సంతకం గీకేశాడు. ఆ మాట విని ఆ రోజు సుందరరావు ఛాతీ జానెడు పొంగింది. మనిషిని నమ్మేవాళ్ళు కొంచెం చూసుకుని నమ్మితే బాగుండును అనిపిస్తోంది ఇప్పుడు.

పొగరెక్కడానికి మనిషి ఆకాశందాకా పోనక్కర్లేదు, అరెకరం మాగాణి చాలు. ఇతనికి ఏకంగా ఆకాశమే దొరికింది. తంజావూరులో చల్లాడు, గోదావరి జిల్లాలో చల్లాడు, ఎక్కడ చల్లినా కింద ఉన్నవాళ్ళు ఎవరో. ఈ ఏడు పల్నాటి మోతుబరి రైతులు కలిసి పత్తికి కంపెనీని పిలిపించారు. నరసరావుపేట పక్క బీడు చదును చేసి విమానం దిగే దారి వేశారు. పొద్దున్నే కోటప్పకొండ ఎడమ రెక్క కిందికి వచ్చింది, ఏటా తిరునాళ్ళకి మెడలు విరగ్గొట్టుకుని కింది నుంచి చూసే కొండ. దాని మీదుగా పాలెం పక్క చేలు. వస్తున్నానని వారం ముందే చెల్లెలికి కబురు పెట్టాడు, పెట్టకుండా ఉంటే ఏం పోయేది, ఎవడో పైలెట్టు వచ్చి పోయాడనుకునేవాళ్ళు, ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. తెల్లదొరలు ఉన్న రోజుల్లో పాలేనికి మిషనరీ వస్తున్నాడంటే సంఘమంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చి ముందు బాట పొడుగునా రెండు వరసల్లో నిలబడేవాళ్ళు. ఆ మర్యాద మళ్ళీ ఇన్నేళ్ళకి తీశారు. యేసుపాదం పంతులి కొడుక్కి. రెండు తెల్ల గీతలు. పైనుంచి మనుషుల మాదిరి లేరు, గీతల మాదిరి ఉన్నారు, గీతలు చేతులూపుతున్నాయి. రత్నకుమారి పిల్లని చంకనేసుకుని నిలబడిందట. నాలుగేళ్ళ పిల్ల, ప్రేమ. కనిపించలేదు. ఎంత వెతికినా ఆ గీతల్లో ఆ పిల్ల కనిపించదు, ఇప్పుడు వెతికినా కనిపించదు.

పని అయిపోయింది. మంచు ఆరకముందే చేలన్నీ అయిపోయాయి, తొట్టిలో అడుగున వెల్లుల్లి వాసన కొట్టే ఆ పొడి మందు కాస్త మిగిలింది. మిగిలింది తిరిగి తీసుకుపోయి గుంట తీసి పూడ్చాలి, అది రూలు. మామూలుగా అదే చేస్తాడు. ఆ రోజు మాత్రం పాలెం మీదికి తిప్పాడు. ఒక్క చుట్టు, ఎందుకంటే అంతమంది నిలబడ్డారు, ఎందుకంటే నాన్న ఉండి ఉంటే బాట మొదట్లో గొడుగేసుకుని నిలబడేవాడు, ఎందుకంటే పెళ్ళి ఊరేగింపులో అవ్వాయి చువ్వలన్నా కాలుస్తారు గదా. చర్చి అవతల ఉత్త నేల ఉంది, దాని మీద కాస్త వదిలితే తెల్లగా, తోక మాదిరి, అందంగా ఉంటుంది. మీట లాగాడు. వదిలాడు. అంతే. గాలి ఎటుందో చూసుకున్నాడా? చూసుకునే ఉంటాడు, చూసుకోకుండా ఎట్లా ఉంటాడు, నేర్పిన మొదటి పాఠమే అది. గుర్తు లేదు. తోక నిలువునా నిలబడి, వంగి, చర్చి ముందు వాకిలి మీదికి మెల్లగా దిగడం మాత్రం వెనక్కి తిరిగి చూశాడు. నవ్వుకున్నాడు. ఆ నవ్వు అతనికి బాగా గుర్తుంది.

ఆ మర్నాడే మకాం మాచర్లకి మార్చారు. పోయిన నెలాఖరు నుంచీ పనుల్లో పడి పాలెం వైపు రావడానికి మొన్న ఆదివారందాకా కుదరలేదు. మిఠాయి పొట్లం తీసుకుని పోయాడు, చిన్నదానికని. గుమ్మంలో రత్నకుమారి లేచి నిలబడింది, ఏడవలేదు, ఏడ్చి ఏడ్చి ఆరిపోయినట్టుంది మొహం. "పాప పోయిందన్నా" అంది. ఎప్పుడు? "నువ్వొచ్చిపోయిన్నాటి రాత్రే. ఎక్కిళ్ళు, నురగలు, ఒళ్ళంతా చెమటలు. గాలి సోకిందన్నారు. తెల్లారేసరికల్లా..." నాకు కబురెందుకు చెయ్యలేదే అన్నాడు. "నువ్వు గాల్లో తిరిగేవోడివి. మనసు చెదిరి చెయ్యి తప్పితే ఎట్టా అని నేనే వొద్దన్నా" అంది. అతని కోసం. వాళ్ళందరూ కూడబలుక్కుని, అతనికి ఏమీ కాకూడదని, నోళ్ళు కట్టుకుని కూర్చున్నారు. తర్వాత చెల్లెలు మామూలుగానే, పోయినవాళ్ళ గురించి ఒక్కొక్కటీ తల్చుకుని చెప్పుకుంటారే అట్లాగే, చెప్పుకుపోయింది. పాప తలనిండా పేలు పట్టి పుళ్ళయిపోయాయని. మలేరియావాళ్ళు వచ్చి ఇళ్ళకి కొట్టిపోయే తెల్ల పొడితో పేలూ నల్లులూ చస్తాయని అందరికీ తెలిసిందేనని. ఆ రోజు అన్న చల్లిన మందు చర్చి వాకిట్లో తెల్లగా పరుచుకుంటే ఆడవాళ్ళంతా మన సుందరం ఇచ్చిపోయిందని కొంగుల్లోకి ఎత్తుకున్నారని. ఎత్తినవాళ్ళకి కాసేపు తల తిరిగింది, ఎండ అనుకున్నారు. తను ఆ సాయంత్రమే పిల్ల తలకి మర్దనా చేసి గుడ్డ కట్టిందని. "చానా మంచి మందన్నా. పొద్దున్నే గుడ్డ ఇప్పితే పేలు ఒక్కటి మిగల్లేదు" అంది. ఆ మాట దగ్గర అతనికి అంతా ఆగిపోయింది. లోకం ఆగిపోయింది. ఆ తర్వాత చెల్లెలి పెదాలు కదులుతూనే ఉన్నాయి, అతనికి మాత్రం ఇంజను ఆపేశాక చెవుల్లో మిగిలే హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

చెప్పలేదు. అది మలేరియావాళ్ళ పొడి కాదే, వేరేది, వేలికి పుండుంటే తొట్టి దగ్గరికే రానివ్వరే మమ్మల్ని, అని చెప్పలేదు. అన్నం పెట్టింది, తిన్నాడు. తిన్నాడు! కంచంలో చెయ్యి పెట్టి ముద్దలు కలుపుకుని తిన్నాడు, మారు కూడా వడ్డించింది. సమాధి చూపించడానికి తీసుకుపోయింది, చూశాడు, చిన్న మట్టి కుప్ప, మీద ఎవరో బంతిపూలు పెట్టారు, ఎంత చిన్నగా ఉందో అనుకున్నాడు, అంతకన్నా ఇంకేమీ అనుకోలేదు. మనిషి పైన పిడుగు పడితే ఒక్కోసారి నిలబడ్డవాడు నిలబడ్డట్టే మాడిపోయి ఉంటాడని విన్నాడు. అతనూ అట్లాగే నడిచి, బస్సెక్కి, రైలెక్కి, మాచర్ల చేరాడు. సోమవారం విమానం దగ్గరికి పోయాడు, కాలు పైకి లేవలేదు. మంగళవారం లేవలేదు. జ్వరమన్నారు, మాత్ర ఇచ్చారు. నిన్న మేనేజరు ముందు నిలబడి మానేస్తున్నానన్నాడు. మతి ఉందా రావ్, ఇంకా రెండేళ్ళు, జామీనుదారు మీదికి పోతాం అన్నాడాయన. పొండి అన్నాడు ఇతను. ఎందుకో చెప్పు అన్నాడు. ఇంట్లో ఇబ్బందులన్నాడు. అసలు సంగతి చెబితే ఏమవుతుంది, పోలీసులు వస్తారు, చెల్లెల్ని పిలిపిస్తారు, నీ చేత్తోనే రాశావా అమ్మా అని అడుగుతారు. ఆమెని అట్లా అడగనివ్వకూడదు గనక చెప్పలేదు. నిజంగా అందుకేనా? అందుకే. కొంత అందుకే. మిగతాది భయం.

కుల్సుం టీ తెచ్చి పక్కన పెట్టి, ఏమైంది బాబూ ఒంట్లో బాలేదా, మొహం పీక్కుపోయింది అని లోపలికి వెళ్ళిపోయింది. టీ మీద మీగడ కడుతోంది. వీధిలో టోపీలు పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు పోతున్నారు, నమాజు అయిపోయినట్టుంది. ఇప్పుడైనా లేచి పోవచ్చు. నోటీసు వచ్చిన రోజు ఆయనకే తెలుస్తుంది. కాదు, అంత పని చెయ్యకూడదు. షెడ్డు పోతుందని మొహాన చెప్పాలి, తిట్టించుకోవాలి, వీలైతే తన్నించుకోవాలి. ఎవరైనా ఒకరు తంతే బాగుండును. పోయిన ఆదివారం నుంచి అందరూ మంచం వేస్తున్నారు, మాత్రలిస్తున్నారు, టీ ఇస్తున్నారు, జాగ్రత్త బాబూ అంటున్నారు. ఉద్యోగం వదిలేశాక ఏదో ఒకటి చెల్లిపోతుందనుకున్నాడు, గుండె మీద రాయి అంగుళమైనా జరుగుతుందనుకున్నాడు. జరగలేదు. చూస్తే వదిలేసింది తన ఉద్యోగమైనా పోయేది జమాల్ సాయిబు షెడ్డు. ప్రాయశ్చిత్తం కూడా పక్కవాడి సొమ్ముతోనే.

జమాల్ సాయిబు అత్తరు వాసనతో లోపలికి వచ్చాడు. "ఏంరా సుందరం, రేపు పండగ పెట్టుకోని ఈడ కూర్చున్నావేంది" అన్నాడు నవ్వుతూ. సుందరరావు లేచి నిలబడి మూడు మాటలూ చెప్పేశాడు. ఎక్కడా తడుముకోలేదు. చెబుతుంటే ఆ గొంతు ఎవరిదో అనిపించింది.

ఆయన టోపీ తీశాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు పైకప్పు రేకుల వంక చూశాడు, లేతు మిషను వంక చూశాడు, ఆఖరికి ఇతని వంక చూశాడు. "ఏరు దాటి తెప్ప తగలేశావు" అన్నాడు. "తగలేసుకుంటే తగలేసుకున్నావు, ఆ తెప్ప నాదిరా." అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎందుకురా? నేనేం పాపం చేశాను నీకు? ఈ షెడ్డు పోతే నా పిల్లలు ఏం తినాల? చెప్పు, నాకు చెప్పాల నువ్వు."

అప్పుడు వచ్చింది నాలుగోది. ఒక వరసలో రాలేదు. పేలతో మొదలుపెట్టాడు, తోక దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ మట్టికుప్ప, తెల్లబట్టలు, అందరూ కొంగుల్లోకి ఎత్తుకున్న పొడి, వెల్లుల్లి వాసన, నేనే మామా, నేను చల్లిన విషం, అది నా మేనకోడల్ని, మా చెల్లెలి చేత్తోనే, దానికి తెలవదు మామా, మంచి మందన్నా అంటంది. జమాల్ సాయిబు వెనక్కి తడుముకుని బల్ల మీద కూర్చున్నాడు, ఆ ఊపుకి తట్టలో కిరసనాయిలు ఒలికి ఆయన జుమ్మా లాల్చీకి అంటింది, చూసుకోలేదు. "యా అల్లా" అన్నాడు, మెల్లగా. ఆ తర్వాత షెడ్డు మాట ఎత్తలేదు.

గుమ్మంలో కుల్సుం నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, అంతా విన్నట్టుంది. ఆమె మొహంలో జాలి లేదు, కోపం లేదు, బియ్యంలో రాళ్ళేరేటప్పటి మాదిరి ఒకచోటే నిలిచిన చూపు ఉంది.

"బాబూ, ఆ పొడి అందరూ ఎత్తుకున్నారన్నావే. మిగతాది ఏమైంది?" అంది.

సుందరరావు ఆమె వంక చూశాడు. మిగతాది. ఆదివారం నుంచి ఇప్పటిదాకా, పగలూ రాత్రీ, నిద్రలో కూడా అతని తలలో తిరిగింది తన పాపం ఒక్కటే, అది ఎంత ఎత్తుంది, ఎంత బరువుంది, ఎవరికి చెప్పాలి, ఎట్లా దించుకోవాలి. మిగతాది అన్న మాటే తట్టలేదు. చెల్లెలు చెబుతూనే ఉంది గదా, పేలు ఒక్కటి మిగల్లేదన్న తర్వాత కూడా పెదాలు కదులుతూనే ఉన్నాయి గదా, ఏమంది? ఇంజను హోరు తగ్గుతున్నట్టు, నీళ్ళలోంచి తల పైకి తీసినట్టు, ఆ మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే వినబడ్డాయి. "చర్చి వాకిట్లో పడింది గదన్నా, ఒకళ్ళకి ఎక్కువ ఒకళ్ళకి తక్కువ కాకూడదని హన్నమ్మత్త అంతా కుప్పపోసి గరిటెతో కొలిచి ఇల్లిల్లుకీ పంచింది. నేనే ఆగలేక ముందు రాశాను. అందరూ దాచుకున్నారు, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం పిల్లలకి తలలకి రాసి, పొద్దున్నే తలంటి కొత్తబట్టలేసి గుడికి తీసుకుపోవచ్చని."

క్రిస్మస్ ముందురోజు అంటే ఇవాళే. సాయంత్రం అంటే ఇంకెంతసేపు.

ఆ మాటలు పైకే అన్నట్టున్నాడు, ఎందుకంటే జమాల్ సాయిబు అప్పటికే లేచి, బాగుచెయ్యడానికి వచ్చిన లారీ తాళంచెవుల కోసం మేకు మీద తడుముతున్నాడు. కుల్సుం కొంగు బిగించి, నేనూ వస్తాను, ఆడవాళ్ళు నా మాటయితే వింటారు అంటోంది. సాయిబు సుందరరావు భుజం పట్టి ఊపాడు.

"ఎన్ని ఇళ్ళురా పాలెంలో?"

"నలభై దాకా ఉంటయ్ మామా" అన్నాడు సుందరరావు. "అన్నిట్లో పిల్లలున్నారు."